మూడు ముక్కల తాళం, ఆరు వందల పన్నెండు నడుములు

బట్టలు కుట్టే మేర నర్సన్న టేపు ఒక మనిషి మీద ఒక్కసారే పడుతుంది. రెండోసారి పడదు. పటాన్‌చెరులో ఈ సంగతి తెలియనివాడు ఎవడైనా ఉంటే వాడు ఆ పొద్దున్నే ఒడిశా నుంచి వచ్చి దిగినవాడై ఉండాలి. వాడికీ సాయంత్రం షిఫ్టు వదిలేలోపు బీరమ్మ మిర్చి బండి దగ్గర ఎవరో ఒకరు చెవిన వేస్తారు.

ముత్తంగి దగ్గర బస్సు కిటికీలోంచి ఒక మనిషి చెయ్యి ఊపితే, ఆ ఊపిన తీరు చూసి నర్సన్న చొక్కా కత్తిరించాడట. ఆ మనిషి సదాశివపేటలో పని చూసుకుని తిరిగొచ్చేసరికి చొక్కా గుండీలతో సహా సిద్ధంగా ఉందట. ఇందులో అబద్ధం ఒక్కటే. గుండీలు మర్నాడు కుట్టారు. నమ్మకపోతే మానండి, చొక్కా మీది కాదు.

పారిశ్రామిక వాడలో పంపులు తయారుచేసే ఫ్యాక్టరీ ఒకటి. అందులో ఆరు వందల పన్నెండు మంది. పదిహేడేళ్లుగా వాళ్ల యూనిఫారాలన్నీ నర్సన్న కత్తెర కిందివే. పనిలో చేరిన రోజు దుకాణానికి వచ్చి చేతులు చాపి నిలబడాలి, అంతే. ఆ తరువాత ఏటా బట్ట వస్తుంది, జత పోతుంది. ఎవడూ బిగుతని అనలేదు, వదులని అనలేదు. "పెండ్లయినా, పిల్లలైనా, ఫోర్‌మనయినా నా కొలత మారది. మనిషి ఎటు పెరుగుతడో నాకు ముందే ఎరుక," అని నర్సన్న మీసం దువ్వుకునేవాడు.

టైలరు అన్నాక గుట్టుంటుంది. ఎవరి భుజం ఒకవైపు ఒరిగిందో, ఎవరి ఎడమ కాలు అరంగుళం పొట్టో, ఎవరు దూది పెట్టి ఛాతీ పెంచుకుంటారో వాళ్లను కన్న తల్లికైనా తెలియకపోవచ్చు, నర్సన్నకు తెలుసు. ఒక్కటీ బయటికి రాదు. అన్నింటిలోకీ లోతైన గుట్టు మేనేజరు రామలింగేశ్వరరావు నడుము. ఇంట్లో ముప్పైయారు, ఆఫీసులో ముప్పైయారు, డాక్టరు అడిగినా ముప్పైయారు. నిజం ఎంతో నర్సన్న ఒక్కడికే తెలుసు కనుక, ఎంత పెద్ద ప్యాంటు కుట్టినా లోపల ముప్పైయారు అని చీటీ కుట్టి పంపేవాడు. ఇది మోసం కాదు, మర్యాద.

ఈ గుట్టంతా మొదట నోటుబుక్కుల్లో ఉండేది. ఒకరోజు వెనుక పెరట్లోకి వచ్చిన బర్రె రెండు నోటుబుక్కులు నమిలింది. ఆ బర్రె ఆ వారం ఇచ్చిన పాలలో చాక్‌పీసు వాసన వచ్చిందని, తాగిన ఇంటివాళ్లందరికీ నిటారుగా నిలబడే అలవాటైందని చెబుతారు. నర్సన్న భయపడ్డాడు. మూతపడ్డ ఒక ఆఫీసు అమ్మేస్తున్న పాత కంప్యూటర్ కొని, కొలతలన్నీ అందులో ఎక్కించుకున్నాడు. ఎక్కించి పెట్టింది ఇంటర్నెట్ సెంటర్ సత్తిబాబు. అమలాపురం నుంచి వచ్చి, బస్టాండు ఎదురుగా నాలుగు కంప్యూటర్లతో దుకాణం పెట్టుకున్న కుర్రవాడు.

"కంప్యూటర్ పోతే ఎలాగండీ? ఒక కాపీ ఉండాలి," అని సత్తిబాబు సీడీ కూడా చేసి ఇచ్చాడు. నెల తిరిగాక ఆ సీడీ నర్సన్న బొప్పాయి చెట్టుకు వేలాడుతూ తళతళ మెరుస్తోంది. భార్య ముత్యమ్మ కట్టింది.

"ఏందే ఇది?"

"పిట్టలొస్తున్నయ్. అద్దం తీర్గ మెరిస్తె బెదిరిపోతయ్. పక్కింటోళ్లు గూడ ఒకటడిగిన్రు, ఇంకోటుందా?"

రెండు వేల ఏడు జనవరి అది. సత్తిబాబు కొత్త ఉపాయం తెచ్చాడు. బీరమ్మ బండి దగ్గర మిర్చి కొరుకుతూ చెప్పాడు. "అమెరికాలో ఒక కంపెనీ ఉందండి. మన ఫైలు వాళ్ల దగ్గర దాచిపెడుతుంది. ఊరికేనే. ఇల్లు కాలినా, కంప్యూటర్ కాలినా మనకేం ఫర్వాలేదు."

"గోదామా?" అన్నాడు నర్సన్న.

"అలాంటిదేనండి. ఏసీ గోదాము."

"పందికొక్కులుండయా?"

"ఉండవండి."

"కావలోడుంటడు గద. వాడు ఇప్పి సూస్తే?"

బీరమ్మ నూనెలో గంటె తిప్పుతూ నవ్వింది. "అమెరికావోనికి లేత్ మిషిన్ అడివయ్య నడుము ఎందుకు తమ్మీ? వాడేమన్న సంబంధం జూస్తున్నడా?"

"వానికొద్దక్కా. వాడెవనికి చెప్తడో!"

సత్తిబాబు అసలు గొప్ప సంగతి బయటపెట్టాడు. "ఇందులో సుఖం ఏంటంటే నర్సన్నగారూ, ఏ ఊళ్లో ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా మీ ఫైలు తీసుకోవచ్చు."

నర్సన్న నమలడం ఆపాడు. "ఏ ఊర్లెకెల్లయిన నేను తీయొచ్చంటె, ఏ ఊర్లెకెల్లయిన ఇంకోడు గూడ తీయొచ్చు గదా?"

సత్తిబాబు నోట్లో మిర్చి కాలింది. నీళ్లు తాగి, పాస్‌వర్డ్ ఉంటుంది, అది మరిచిపోతే ఒక రహస్య ప్రశ్న ఉంటుంది, దానికి జవాబు మీకు తప్ప ఎవరికీ తెలియదు అన్నాడు. ప్రశ్న ఏమిటని అడిగితే "మీ అమ్మగారి పేరు" అన్నాడు.

"మా అమ్మ పేరు పటాన్‌చెరుల కుక్కలకు గూడ ఎరుకే. నన్ను తిట్టేటోళ్లందరు ఆమె పేరు వెట్టే తిడ్తరు," అన్నాడు నర్సన్న.

దగ్గర పెట్టుకుంటే బర్రె తింటుంది, పిట్టలకు కడతారు. దూరం పెడితే దొంగ చూస్తాడు. నర్సన్నకు పదిరోజులు నిద్ర లేదు. అంతలో పీర్ల పండుగ వచ్చింది. బొంతపల్లి దిక్కున్న తన సొంతూరికి పోయాడు. అక్కడ పీర్లను దాచే చెక్కపెట్టెకు మూడు తాళాలు. మూడు తాళంచెవులు మూడు వాడల్లో మూడు ఇళ్ల దగ్గర ఉంటాయి. పెట్టెను ఏడాదంతా కంటికి రెప్పలా కాచే ముజావర్ యాకూబ్ దగ్గర మాత్రం ఒక్క చెవీ ఉండదు. కాచేవాడి చేతిలో చెవి ఉండకూడదని తాతల నాటి కట్టడి. ముగ్గురూ కలిసి వస్తేనే పెట్టె తెరుచుకుంటుంది. నర్సన్న పెట్టెను చూశాడు, తొడ చరిచాడు.

మర్నాడే ముగ్గుర్ని ఇంటర్నెట్ సెంటర్‌కు పట్టుకొచ్చాడు. ఒకరు యాకూబ్. ఇంకొకరు బీరమ్మ. మూడోవాడు పంపుల ఫ్యాక్టరీ గేటు వాచ్‌మన్ పెద్దరాములు, గుర్తుకార్డు మరిచొస్తే మేనేజరునైనా ఎండలో నిలబెట్టే మనిషి. పాస్‌వర్డ్‌లో తలా ఒక ముక్క కొట్టాలి. ఒకరిది ఒకరికి తెలియకూడదు. నర్సన్నకు అసలే తెలియకూడదు.

"మీ ఫైలు పాస్‌వర్డ్ మీకు తెలియకపోవడమేంటండీ?" అని సత్తిబాబు లబోదిబోమన్నాడు.

"కట్టడి గట్లనే ఉంటది తమ్మీ. నువ్వు గూడ అటు తిరుగు."

సత్తిబాబు ఫ్యాను వైపు తిరిగాడు. నర్సన్న కళ్లు మూసుకుని గోడకు ముఖం పెట్టాడు. యాకూబ్ టకటకా కొట్టాడు. బీరమ్మకు అక్షరాలు రావు కనుక వాకిట్లో ముగ్గు వేసినట్టు చూపుడువేలితో మీటల మీద ఒక ముగ్గు వేసింది. పెద్దరాములు చెయ్యి అడ్డం పెట్టుకుని, గేటు వైపు రెండుసార్లు చూసి కొట్టాడు. పాస్‌వర్డ్ మరిచిపోతే కొత్తది మెయిలుకు వస్తుంది. ఆ మెయిలుకూ ఇదే మూడు ముక్కల తాళం. అమెరికా రాష్ట్రపతి వచ్చినా తెరవలేడని నర్సన్న ఊరంతా చెప్పుకున్నాడు.

ఏడాది హాయిగా గడిచింది. రెండు వేల ఎనిమిది ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం కరెంటు రెట్టింపు వచ్చింది. వీధిలో బల్బులు సూర్యుళ్లయి పగిలాయి. నర్సన్న కంప్యూటర్ ఊదుబత్తిలా సన్నగా పొగ వదిలింది. ముత్యమ్మ పరుగున బిందె తెచ్చి దాని మీద కుమ్మరించింది.

"అయ్యో, నీళ్లు పోసినవేందే!"

"పొగొస్తె నీళ్లు గాక పాలు పోస్తరా?"

కంప్యూటర్ చచ్చింది. బొప్పాయి చెట్టు మీది సీడీ ఎండకూ వానకూ ఎప్పుడో పొట్టు లేచిపోయింది. అదే సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి బట్ట తానులు దిగాయి. మార్చి నాలుగున సేఫ్టీ డే, పై నుంచి పెద్దలు వస్తున్నారు, ఆరు వందల పన్నెండు మందీ కొత్త యూనిఫారంలో కవాతు చేయాలి. చేతిలో పద్దెనిమిది రోజులు. మేనేజరు ఫోనులో ఒకటే మాట అన్నాడు. "కొలతలకంటూ లైన్ మీద నుంచి ఒక్క మనిషిని కూడా వదలను. నీకెలాగూ రెండోసారి అవసరం లేదుగా?"

"లేదు సార్," అన్నాడు నర్సన్న. పదిహేడేళ్ల పేరు ఆ ఒక్క ఫైలులో ఉంది.

ముగ్గుర్నీ కూడేయడానికి నాలుగు రోజులు పట్టింది. పెద్దరాములుది పగలు డ్యూటీ, బీరమ్మకు బండి వదలడం కుదరదు, యాకూబ్ మేనకోడలి పెళ్లికి జహీరాబాద్ పోయాడు. చివరికి ఐదో రోజు మధ్యాహ్నం, మొదటి షిఫ్టు వదిలే వేళకు కుదిరింది. యాకూబ్ ఒట్టిచేతులతో రాలేదు. ఊదు పొగ వేసుకుని, ఇద్దరు డప్పులవాళ్లను వెంటబెట్టుకొచ్చాడు.

"డప్పులెందుకు యాకూబ్ భాయ్?"

"అరే, మూడు తాళాలది ఊకె ఇప్పుతరా? నలుగురికి ఎరుకగావాలె. చాటుకు ఇప్పితె దొంగతనమంటరు. పెట్టె మీద అందరి కండ్లుండాలె, గదే హిఫాజత్, గదే కావలి."

నర్సన్నకు అది న్యాయంగానే తోచింది. డప్పు మోగింది. షిఫ్టు వదిలిన మూడు వందల మంది ఏ పండుగోనని డప్పు వెంబడి ఇంటర్నెట్ సెంటర్‌కు వచ్చి పడ్డారు. లోపల పట్టినవాళ్లు లోపల, పట్టనివాళ్లు కిటికీ చువ్వలకు.

"మూడే అవకాశాలండి. మూడుసార్లు తప్పితే ఫైలు శాశ్వతంగా మూసుకుపోతుంది," అని సత్తిబాబు చెప్పి ఫ్యాను వైపు తిరిగాడు. ముగ్గురూ వరసగా కొట్టారు. తెర మీద ఎర్ర గీత వచ్చింది. తప్పు.

యాకూబ్ బీరమ్మను చూశాడు, బీరమ్మ పెద్దరాములును చూసింది. పెద్దరాములు ఛాతీ విరిచి నిలబడ్డాడు.

"నేను మార్చిన గద!" అన్నాడు.

"ఏడ మార్చినవ్?" అన్నాడు నర్సన్న.

"నా మనసుల. గీ దుకాణం బోర్డు మీద రాసుంది గద, నెలకొకపారి పాస్‌వర్డ్ మార్చాలని? పదమూడు నెలలు, పదమూడు పార్లు. ఒక్క నెల తప్పలే."

సత్తిబాబు తల బాదుకున్నాడు. "మార్చినట్టు కంప్యూటర్‌కి చెప్పాలి కదండీ!"

"చెప్తె రహస్యమెట్లయితది?"

అయితే పెద్దరాములు గేటు మనిషి. ప్రతి నెలా మొదట గేటు దాటిన లారీ నంబరే తన ముక్క. కళ్లు మూసుకుని వెనక్కి నడిచాడు. "ఈ నెల ఇసుక లారీ... పోయిన నెల రేకుల లారీ... గంతకుముందు కర్ణాటక బండి..." అని నంబర్లు పైకే చదువుతూ పదమూడు లారీలను వెనక్కి నడిపించి మొదటిదాన్ని పట్టుకున్నాడు. అతని రహస్యం డప్పులవాళ్లకు కూడా కంఠతా వచ్చింది.

రెండో అవకాశం. మళ్లీ ఎర్ర గీత.

ఈసారి బీరమ్మ వేలు గాల్లోనే ఆగి ఉంది. "నాది కుదురుతలేదు తమ్మీ. నడిమిట్ల సుక్క లేదు."

"ఏం సుక్కక్కా?"

"అప్పుడు గీడ ఒక మీట ఊడి బొర్ర ఉండె. నేను గా బొర్రనే సుక్క అనుకొని సుట్టు ముగ్గేసిన. ఇప్పుడు అంత నిండుగున్నది, యాడికెల్లి మొదలువెట్టాలె?"

సత్తిబాబు కీబోర్డ్ మార్చి ఆరు నెలలైంది. పాతదాన్ని వెతికితే వెనుక తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టి ఉంది. దుమ్ము దులిపి తగిలించాడు. ఊడిన మీట బొర్ర అలాగే ఉంది. బీరమ్మ దాన్ని చూసి, తప్పిపోయిన మేకపిల్ల దొరికినట్టు నిమిరింది.

ఆఖరి అవకాశం. నర్సన్న గోడకు నుదురు ఆనించాడు. యాకూబ్ బిస్మిల్లా అన్నాడు. బీరమ్మ వేలు బొర్ర చుట్టూ తిరిగింది. పెద్దరాములు లారీని లోపలికి పంపాడు.

తెరుచుకుంది!

డప్పు ఆకాశాన్నంటింది. చదువురానివాళ్లకు చదివి వినిపించడం అలవాటైన సత్తిబాబు, ఆ ఊపులో మొదటి వరస గట్టిగా చదివేశాడు. "అడివయ్య, లేత్ సెక్షన్. నడుము ముప్పై రెండు. ఎడమ భుజం ఒక అంగుళం కిందికి!"

జనం గొల్లున నవ్వారు. గుంపు నడుమ నుంచి అడివయ్య గొంతు వినిపించింది. "అరే, నా బుజం ఒరిగుందా?"

నర్సన్న తువ్వాలు తీసి తెర మీద కప్పి, దానికి అడ్డంగా నిలబడ్డాడు. నాలుగు గోడలు, మూడు తాళాలు, ఏడు సముద్రాల అవతల దాచిన గుట్టు డప్పు కొట్టించి మరీ మూడు వందల మంది ముందు విప్పించింది తానే. కిటికీ చువ్వల నుంచి కేకలు. "మాది గూడ సదువు!" "మేనేజర్ది సదువు ముందుగాల!"

"నోర్ముయ్యిండ్రి! ఎవనిది వానికే, వాని చెవులనే చెప్త. పరదెన్క ఒక్కొక్కడు రాండ్రి."

మూడో నంబరు కంప్యూటర్‌కు గుడ్డ పరదా ఉంది. ఫైలు అక్కడ తెరిపించుకుని, సత్తిబాబును బయటికి పంపి, నర్సన్న మొదట అడివయ్యను పిలిచాడు. అడివయ్య పరదాలోకి వచ్చేసరికి పరదా బయటికి ఉబ్బింది.

"నడుము ముప్పై రెండు," అన్నాడు నర్సన్న గుసగుసగా.

"గది పెండ్లిగాక ముందు అన్నా. ఇప్పుడు నలభై ఒకటి."

"ఎవడన్నడు?"

అడివయ్య నాలుక కరుచుకున్నాడు. కానీ మాట జారిపోయింది. "వదిన."

"ఏ వదిన?"

"మన ముత్యమ్మ వదిన. ఏటేట కొత్త జత రాంగనే ఎన్క తలుపు కాడికి పట్కపోతం గదా. ఇప్పి, లోపటి బట్ట వదిలి కుట్టిస్తది."

నర్సన్న పరదా పక్కకు లాగాడు. ఈ కంప్యూటరూ పొగ వదిలితే పొయ్యడానికి నీళ్ల బిందెతో వచ్చిన ముత్యమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది. చూపు కలిసింది.

"నువ్వేనా?"

"మరేం జెయ్యాలె? నీ టేపు రెండోపారి పడదంటివి. మనుషులు తినుడు బంద్ జేస్తరా?"

"ఎందరికి?"

"అందరికి."

డప్పు ఆగిపోయింది. మూడు వందల మంది తమ చెప్పుల వైపు చూసుకున్నారు. పెద్దరాములు చూసుకున్నాడు, బీరమ్మ కూడా చూసుకుంది. యాకూబ్ ఊదు పొగను అనవసరంగా విసిరాడు. ముత్యమ్మ వెనుక తలుపు సంగతి ఫ్యాక్టరీకి తెలుసు, ఫ్యాక్టరీ వాళ్ల ఇళ్లకు తెలుసు, మొన్న ఒడిశా నుంచి దిగినవాడికి కూడా రెండో రోజే చెప్పారు, ఎవరికి చెప్పకూడదో కూడా చెప్పారు. పదిహేడేళ్లలో ఒక్క నోరు జారలేదు. ఏ కంపెనీ గోదామూ అంత గట్టిగా దాచలేదు.

నర్సన్న స్టూలు మీద కూలబడి తెర వైపు చూశాడు. పేర్లున్నాయి, అంగుళాలున్నాయి. కిందికి జరుపుతూ పోయాడు. ఆ నడుముల వాళ్లు ఒక్కరూ ఇప్పుడు పటాన్‌చెరులో లేరు. సన్నటి కుర్రాళ్ల గుంపొకటి అమెరికాలో చల్లగా, వయసు మీద పడకుండా నిలబడి ఉంది. వాళ్ల కోసం తాను ముగ్గురిని కావలి పెట్టాడు.

"ప్రింటు తీయమంటారా?" అన్నాడు సత్తిబాబు.

"ఎవని కోసం తమ్మీ?" అని నర్సన్న మెడలోంచి టేపు తీశాడు. "అడివయ్యా, చేతులు చాపు."

"అన్నా, రెండోపారా?"

"చాపు అంటున్న!"

అడివయ్య చేతులు చాపాడు. టేపు పడింది. కిటికీ దగ్గర ఎవడో, బహుశా వయసు మళ్లినవాడే, కళ్లు తుడుచుకున్నాడు.

ఆ రాత్రి మొగుడూ పెళ్లాలు ఏం మాట్లాడుకున్నారో తెలియదు. తెల్లవారి ఇద్దరూ కలిసే ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చారు. లైన్ మీద నుంచి వదలనన్నాడు కదా మేనేజరు, లైను బయటే పట్టుకున్నారు. లారీలు తూచే కాటా గది అడిగి పుచ్చుకున్నారు. షిఫ్టు ఎక్కేవాళ్లు ఎక్కేముందు, దిగేవాళ్లు దిగాక. నర్సన్న కొలిచి చెవిలో చెబితే ముత్యమ్మ తనకు మాత్రమే అర్థమయ్యే గీతలతో పలక మీద రాసుకుని పైట కప్పేది. పెద్దరాములు తలుపు దగ్గర గుర్తుకార్డులు అడిగేవాడు. మూడు రోజుల్లో ఆరు వందల పదకొండు మంది అయ్యారు. ఒకడు కొలత ఇచ్చి, మిర్చి తిని వచ్చి, మళ్లీ కొలవమన్నాడు. కొలిచారు. అప్పటికే పెరిగాడంటారు. కంది నుంచి, సంగారెడ్డి నుంచి మేర బంధువులంతా మిషన్లు నెత్తిన పెట్టుకుని దిగారు. బట్ట తెగుతోంది.

మిగిలింది ఒక్కడు. మూడో రోజు సాయంత్రం రామలింగేశ్వరరావు అటూ ఇటూ చూసి కాటా గదిలోకి దూరాడు.

"నా కొలత నీ దగ్గర ఉందిగా నర్సన్నా?"

"పాతదున్నది సార్. గా మనిషి వేరే."

"గేటంతా కొలిచావు, ఒక్క నన్ను వదిలేస్తే ఏమనుకుంటారు! సరే, కానీ త్వరగా," అని మేనేజరు చేతులు చాపి, గుండె నిండా గాలి పీల్చి, పొట్టను వెన్నెముక దాకా లాగి బిగబట్టాడు. నర్సన్న టేపు చుట్టాడు. రెండు కొసలు కలిపాడు. అంకె చూడలేదు. అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

మేనేజరు ముఖం ఎర్రబడింది. కనుబొమలు ఎగరేసి అడిగాడు, ఏమైందని. నోరు తెరిస్తే గాలి పోతుంది. బయట కాటా మీద లారీ హారన్ కొట్టింది. దాన్ని ఆగమని పెద్దరాములు విజిల్ వేశాడు. ముత్యమ్మ తలుపవతల చాక్‌పీసు పట్టుకుని సిద్ధంగా ఉంది.

"తొందరేం లేదు సార్," అన్నాడు నర్సన్న, టేపు కొసలు సడలనివ్వకుండా. "మీరు ఊపిరి ఇడిసేదాంక నేను ఆగుత."